డెరింగ్ డూ అనే మాట ఎక్కడిది? తెలుగులో ఏమనాలి?

అనువాదమాధవి రాశారు:

అందరికీ నమస్కారం. వాల్టర్ స్కాట్ రాసిన ఐవాన్‌హో నవలను పదేళ్ళ పిల్లలు చదువుకునేలా కుదించి తెలుగు చేస్తున్నాను. 29వ అధ్యాయంలో ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా బండి ఆగిపోయింది.

సన్నివేశం చెప్తాను. ఐవాన్‌హో గాయాలతో మంచం మీద ఉన్నాడు. బయట కోట ముట్టడి జరుగుతోంది. లేచి చూసే ఓపిక అతనికి లేదు. రెబెక్కా అనే అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి, బయట జరిగేది జరిగినట్టు చెప్తూ ఉంటుంది. నల్ల కవచం తొడుక్కున్న వీరుడొకడు గొడ్డలితో కోట తలుపు బద్దలు కొడుతున్నాడు. పైనుంచి రాళ్ళు, దూలాలు మీద పడుతున్నా ఈకలు రాలుతున్నంత కూడా లెక్కచేయడం లేదు. ఇంగ్లండులో ఇంత పని చేయగలవాడు ఒక్కడే ఉన్నాడని అప్పటిదాకా నమ్మిన ఐవాన్‌హో, ఇలాంటి 'డెరింగ్ డూ' చేయగలవాళ్ళు ఇద్దరున్నారంటే వింతే అని గొణుక్కుంటాడు.

నిఘంటువులో 'సాహసకృత్యం' అని ఉంది. అర్థం తప్పు కాదు, కానీ చప్పగా ఉంది. ఇంగ్లిష్‌లో ఆ మాట చెవిన పడగానే గుర్రాలు, కత్తులు, కోట బురుజులు కళ్ళముందుకొస్తాయి. 'సాహసకృత్యం' అంటే నాకు స్కూలు వ్యాసం గుర్తొస్తోంది. అయినా డేరింగ్ కాకుండా డెరింగ్ ఏమిటి? పక్కన ఆ 'డూ' ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ కాజా రాశారు:

డేరింగ్‌కే పాత స్పెల్లింగ్ అయి ఉంటుందండి. మనం కూడా 'వాడు భలే డేరింగ్' అంటాం కదా. 'డూ' ఏదో ప్రాస కోసం తగిలించి ఉంటారు.

పదవేటగాడు రాశారు:

కాజా గారూ, సగం సరిగ్గా పట్టుకున్నారు. మూలం 'డేర్' అనే క్రియే. 'డూ' మాత్రం ప్రాస కోసం వచ్చింది కాదు, అది 'చేయడం' అనే మామూలు 'డూ'నే. ఆ రెండూ కలిసి ఒక నామవాచకం అయిన తీరు చాలా గొప్పగా ఉంటుంది. నాకు ఇంగ్లిష్ పదాల్లో అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే, కాబట్టి కాస్త పొడవుగా రాస్తాను.

1380ల్లో జెఫ్రీ చాసర్ ట్రాయ్ యుద్ధం నేపథ్యంగా ట్రోయిలస్ అండ్ క్రిసేడ్ అనే కావ్యం రాశాడు. ఐదో భాగంలో కథానాయకుడు ట్రోయిలస్‌ను పొగుడుతూ ఒక పంక్తి ఉంది: 'ఇన్ డుర్రింగ్ డాన్ దట్ లాంగెత్ టు ఎ నైట్'. డుర్రింగ్ అంటే తెగించడం. డాన్ అంటే చేయడం. దట్ లాంగెత్ టు ఎ నైట్ అంటే వీరుడికి తగినది. మొత్తం కలిపితే 'వీరుడికి తగిన పని చేయడానికి తెగించడంలో' అతను ఎవరికీ తీసిపోడు అని. ఇక్కడ డుర్రింగ్, డాన్ వేటికవి విడి మాటలు. ప్రత్యేకమైన పదం ఏదీ లేదు. మామూలు వాక్యం, మామూలు వ్యాకరణం.

చాసర్ 1400లో పోయాడు. తర్వాత జాన్ లిడ్‌గేట్ అనే సన్యాసి 1412లో మొదలుపెట్టి 1420 నాటికి ట్రాయ్ బుక్ అనే భారీ కావ్యం పూర్తిచేశాడు. చాసర్ అంటే అతనికి గురుభక్తి. అదే ట్రోయిలస్‌ను పొగిడే చోట గురువుగారి మాటనే వాడుకుని 'ఇన్ డోరింగ్ డూ' అన్నాడు. కానీ 'వీరుడికి తగినది' అన్న తోక పక్కన లేదు. తోక పోయేసరికి ఆ రెండు మాటలూ ఒకే పేరులా కనపడడం మొదలైంది.

తర్వాత అచ్చుయంత్రాలు వచ్చాయి. 16వ శతాబ్దంలో లిడ్‌గేట్ పుస్తకం అచ్చువేసినప్పుడు 'డో' కాస్తా 'డె' అయి కూర్చుంది. ఒక్క అక్షరం! డోరింగ్ డెరింగ్ అయ్యింది. మాధవి గారు అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు.

1579లో ఎడ్మండ్ స్పెన్సర్ షెపర్డ్స్ క్యాలెండర్ ప్రచురించాడు. పాత మాటలంటే ప్రాణం పెట్టే కవి. అందులో అక్టోబరు నెల పద్యంలో 'డెరింగ్ డూ'ని నిఖార్సయిన నామవాచకంగా వాడేశాడు. ఆ పుస్తకానికి ఇ.కె. అనే పొడి అక్షరాలతో ఒకరు వ్యాఖ్య రాశారు. అందులో ఈ మాటకు ఇచ్చిన అర్థం పౌరుషం, వీరధర్మం అని. ఫెయిరీ క్వీన్‌లోనూ స్పెన్సర్ దీన్ని వదల్లేదు. అక్కడ 'డెరింగ్ డూయర్స్' కూడా కనిపిస్తారు, అంటే డెరింగ్ డూ చేసేవాళ్ళు!

ఆ తర్వాత రెండు వందల ఏళ్ళు ఆ మాట దాదాపు నిద్రపోయింది. 1819 చివర్లో స్కాట్ ఐవాన్‌హోతో దాన్ని నిద్రలేపాడు. పాఠకులకు తెలియదని కిందే చిన్న నోట్ కూడా పెట్టాడు. దాని అర్థం మన మాటల్లో 'చావో రేవో అన్న ధైర్యం'. ఇవాళ ఇంగ్లిష్‌లో ఈ మాట వాడేవాళ్ళంతా స్కాట్ చేతి మీదుగా అందుకున్నవాళ్ళే.

లైబ్రరీ మాస్టారు రాశారు:

పదవేటగాడు గారు వివరంగా రాశారు, సంతోషం. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. మీరు చెప్పినదాని ప్రకారం ఇది అచ్చుతప్పు మీద అపార్థం, అపార్థం మీద నవలా ప్రచారం. నలభై ఏళ్ళు పిల్లలకు భాష చెప్పినవాణ్ణి. తప్పును తప్పు అనకుండా ముద్దు చేస్తే రేపు ఏ తప్పునూ దిద్దలేం. చాసర్ బతికి ఉంటే ఒప్పుకునేవాడా?

పదవేటగాడు రాశారు:

ఒప్పుకునేవాడు కాదు మాస్టారూ. ఆ సంగతి ఆయనే రాసిపెట్టాడు, అదీ ఇదే కావ్యంలో.

ట్రోయిలస్ ఐదో భాగం చివర, మనం మాట్లాడుకుంటున్న పంక్తి నుంచి వెయ్యి పంక్తులు కూడా దాటకముందే, చాసర్ తన పుస్తకాన్ని బిడ్డను సాగనంపినట్టు సాగనంపుతాడు. ఇంగ్లిష్ ఒక్కో ఊళ్ళో ఒక్కోలా మాట్లాడుతున్నారు, ఒక్కోలా రాస్తున్నారు, నిన్నెవరూ తప్పుగా రాయకూడదని, ఛందస్సు చెడగొట్టకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నాను అంటాడు. ఆడమ్ అనే తన రాయసగాడి మీద విడిగా ఒక చిన్న పద్యమే రాశాడు: నేను రాసింది ఉన్నదున్నట్టు ఎత్తిరాయకపోతే నీ పొడుగు జుట్టు కింద తల నిండా పొక్కులు లేవాలి అని శాపం! నీ తప్పులు గీకి గీకి దిద్దలేక చస్తున్నానంటాడు. అప్పట్లో తోలు మీద రాసేవాళ్ళు కాబట్టి నిజంగానే గీకాలి.

అంత భయపడ్డ మనిషి. ఆ భయపడ్డ పుస్తకంలో నుంచే ఒక పంక్తి జారిపోయి ఇలా మారింది. నాకైతే అది చదివిన ప్రతిసారీ మనసు అదోలా అవుతుంది.

ఓరుగల్లు తాళపత్రం రాశారు:

ఇది చదువుతుంటే నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. రెండేళ్ళు తాటాకు గ్రంథాల జాబితా తయారుచేసే పని చేశాను. కట్ట విప్పి, ఆకుల మీద నిమ్మగడ్డి నూనె రాసి, మసి రుద్దితే గంటంతో గీసిన అక్షరాలు నల్లగా తేలతాయి. వేలికి ఆ మసి సాయంత్రం దాకా వదలదు. చాలా కట్టల చివర ఒకే రకం శ్లోకం ఉండేది:

యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా
అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే

పుస్తకం ఎలా ఉందో అలాగే ఎత్తిరాశాను, తప్పో ఒప్పో నా దోషం లేదు అని. అక్కడ కవి రాయసగాణ్ణి తిట్టాడు, ఇక్కడ రాయసగాడు ముందే చేతులు దులుపుకున్నాడు. ప రాసిన చోట వ, ధ రాసిన చోట థ, ఇవి రోజూ చూసేదాన్ని. రెండు ప్రతుల్లో రెండు పాఠాలుంటే, ఒక్కోసారి తప్పు పాఠమే అందంగా ఉండి పండితులు దాన్నే పట్టుకుని వ్యాఖ్యానం రాసిన సందర్భాలూ కనిపించేవి. కాబట్టి ఆ ఇ.కె. ఎవరో గానీ నాకు బాగా దగ్గరివాడిలా అనిపిస్తున్నాడు.

లైబ్రరీ మాస్టారు రాశారు:

అమ్మా, మీ అనుభవం విలువైంది. శ్లోకం చూసి ఆనందించాను. అయినా నా మాట మీద నేనుంటాను. పండితులు తప్పు పాఠానికి వ్యాఖ్యానం రాస్తే, తర్వాతివాళ్ళు దాన్ని పరిష్కరించారు. వదిలేయలేదు.

బడిపంతులమ్మ రాశారు:

మాస్టారూ, మరి సిలబస్‌ని ఏం చేద్దాం? జూన్ వస్తే మనం రోజూ తలచుకునే మాట అది. పాత గ్రీకులో 'సిత్తుబా' అనే మాట ఉండేది, చుట్టిన గ్రంథానికి కట్టే పేరు చీటీ. రోమన్ రచయిత సిసెరో ఉత్తరాల తొలి అచ్చు ప్రతుల్లో దాన్ని తప్పుగా 'సిలబస్' అని వేశారు. ఆ తప్పే లాటిన్‌లో స్థిరపడి, ఇంగ్లిష్‌లోకి వచ్చి, మన జడ్పీ హైస్కూలు నోటీసు బోర్డు దాకా చేరింది. సిలబస్ పూర్తికాలేదని నేను పడే టెన్షన్ మాత్రం అచ్చుతప్పు కాదు, అసలుదే.

లైబ్రరీ మాస్టారు రాశారు:

ఇది నాకు తెలియదమ్మా. ముప్ఫై ఏళ్ళు ఆ మాట బోర్డు మీద రాశాను. సరే, మాటను వాడండి, కానీ దాని పుట్టుక కూడా పిల్లలకు చెప్పండి. మాధవి గారు కింద చిన్న నోట్ పెడితే నాకు తృప్తి.

డల్లాస్ శ్రీను రాశారు:

మంచి చర్చ. ధైర్యానికి ఇంగ్లిష్‌లో ఉన్న మిగతా మాటలు కూడా ఇలాంటివేనా? మా అమ్మాయి ఇక్కడ ఏడో తరగతి. పోయిన వారం 'మెటిల్' అనే మాట హోంవర్క్‌లో వచ్చింది. మెటల్‌కీ దానికీ సంబంధం ఉందా అని అడిగితే నేను చెప్పలేకపోయాను.

పదవేటగాడు రాశారు:

సంబంధం ఉండటం కాదు శ్రీను గారూ, రెండూ ఒకటే మాట. షేక్‌స్పియర్ కాలంలో లోహాన్నీ, మనిషి సత్తానీ ఏ స్పెల్లింగుతోనైనా రాసేవారు. తర్వాత లోహానికి ఒక స్పెల్లింగు, గుండె దిటవుకు ఒకటి పంచుకున్నారు. మనం 'ఉక్కు మనిషి' అన్నట్టే. 'కీన్' కూడా మొదట్లో ధైర్యవంతుడనే అర్థం ఉన్న మాటే, పాత ఇంగ్లిష్‌లో 'కేనె'. ఇప్పుడు ఆసక్తి, పదును మిగిలాయి, ధైర్యం పోయింది.

'ప్లక్' సంగతి మాత్రం తెలిసినవాళ్ళు చెప్పాలి. కోసిన జంతువు లోపలినుంచి లాగి తీసే గుండె, కార్జం, ఊపిరితిత్తులు కలిపి ప్లక్ అంటారు. 18వ శతాబ్దంలో బాక్సింగ్ పోటీల దగ్గరి జనం దాన్ని ధైర్యానికి వాడడం మొదలుపెట్టారు. మన స్కాట్ దొరకు ఆ మాట రుచించలేదు. 1827లో తన డైరీలో దాన్ని రౌడీల భాష కిందే జమకట్టాడు. డెరింగ్ డూని నెత్తిన పెట్టుకున్న మనిషికి ప్లక్ నాటుగా తోచింది!

మేకల బజార్ యాకూబ్ రాశారు:

ఎప్పుడూ చదివి వెళ్ళిపోతుంటాను, ఈసారి రాయాలనిపించింది. మా నాన్నది మాంసం కొట్టు. చదువుకుంటూ పదేళ్ళు నేనూ కత్తి పట్టాను. మేకను వేలాడదీసి పొట్ట శుభ్రం చేశాక, ఛాతీలోకి చెయ్యి పెట్టి గొంతు గొట్టం పట్టుకుని ఒక్క లాగు లాగాలి. ఊపిరితిత్తులు, గుండె, కార్జం ఒకే గుత్తిలా చేతిలోకి వస్తాయి. అప్పటికింకా వేడి తగ్గి ఉండదు. చలికాలం తెల్లవారుజామున ఆ గుత్తి నుంచి ఆవిరి లేస్తుంది. ప్లక్ అంటే లాగడం కదా, ఆ పేరు పెట్టినవాడు ఖాయంగా ఈ పని చేసినవాడే.

ఇంకో సంగతి చూడండి. 'వాడికి గుండె ఉందిరా' అంటాం. మా వైపు 'కలేజా ఉందా?' అంటారు, కలేజా అంటే కార్జమే. 'దమ్ముంటే రా' అంటాం, దమ్ము అంటే ఊపిరి. అంటే గుండె, కార్జం, ఊపిరి! ఆ గుత్తిలో ఉన్న మూడింటినీ మనవాళ్ళు విడివిడిగా తీసుకుని ధైర్యానికి పెట్టుకున్నారు, ఇంగ్లిష్‌వాళ్ళు గుత్తి గుత్తి మొత్తం తీసుకున్నారు.

ఓరుగల్లు తాళపత్రం రాశారు:

యాకూబ్ గారూ, ఇక చదివి వెళ్ళిపోకండి, రాస్తూ ఉండండి. ఈ గుత్తి సంగతి ఏ నిఘంటువులోనూ ఇంత బాగా లేదు. 'గుండెలు తీసిన బంటు' అనే మన పాత మాట కూడా దీని పక్కన పెట్టుకోవచ్చు.

అనువాదమాధవి రాశారు:

నేను ఒక్క మాట అడిగితే ఇంత వచ్చింది! అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. కానీ నా సమస్య ఇంకా తీరలేదు. సాహసం, ధైర్యం, తెగువ, తెంపరితనం, వీరత్వం అన్నీ కాగితం మీద రాసుకుని చూస్తున్నాను. దేన్ని పెట్టాలి?

లైబ్రరీ మాస్టారు రాశారు:

'సాహసం' మీద ఒక మాట. మీకు అది చప్పగా ఉందంటే వాడి వాడి అరిగిపోయినందువల్ల. దాని మొదటి అర్థం వింటే ఉలిక్కిపడతారు. సంస్కృతంలో సహస్సు అంటే బలం. ధర్మశాస్త్రాల్లో సాహసం ఒక నేరం పేరు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తేడా చెప్తుంది: ఎదుటే ఉండగా బలవంతంగా చేస్తే సాహసం, చాటుగా చేస్తే దొంగతనం. జుర్మానాలకు కూడా అదే పేరు. 250 పణాలు (అప్పటి నాణేలు) ప్రథమ సాహసం, 500 మధ్యమ సాహసం, 1000 ఉత్తమ సాహసం. 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఈ ధర్మశాస్త్ర సంప్రదాయాన్నే. నేరం పేరు కాలక్రమాన మెచ్చుకోలు అయింది.

ఇది రాస్తుంటే నాకే అనిపిస్తోంది, అర్థాలు తిరగబడటంలో మన మాటలూ తక్కువ తినలేదు.

పదవేటగాడు రాశారు:

మాస్టారూ, దండం. ఈ కోణం నాకు తట్టలేదు.

మాధవి గారూ, నా ఓటు తెగువకు. తెగు అంటే తెంపుకోవడం. తెంపరిలోనూ అదే ఉంది. 'ప్రాణాలకు తెగించి' అన్నప్పుడు మనిషికీ ప్రాణం మీది ఆశకీ మధ్య ఉన్న తాడు పుటుక్కున తెగిన చప్పుడు వినపడుతుంది. 'ధైర్యం' అలా కాదు, అది ధీరుడి గుణం, నిలకడ. తుఫానులో కదలకుండా కూర్చున్నవాడిదీ ధైర్యమే. కోట తలుపు మీదికి గొడ్డలితో పోయేవాడిది తెగువ. 'తెగించినవాడికి తెడ్డే లింగం' అన్న సామెతలో ఉన్న ఆ మొండి ఊపు కావాలి మీకు.

కాకినాడ కాజా రాశారు:

నాదొక సందేహం. ఇదంతా చాసర్ తర్వాతి కథ కదా. అంతకుముందు, బాగా పాత ఇంగ్లిష్‌లో ధైర్యాన్ని ఏమనేవారు?

పదవేటగాడు రాశారు:

మంచి ప్రశ్న. ముఖ్యమైనవి రెండు. ఒకటి 'మోడ్', అంటే మనసు, లోపలి బలం. అది అరిగి అరిగి ఇప్పటి 'మూడ్' అయింది. మూడ్ బాగాలేదు అంటామే, అదే మాట. జర్మన్‌లో దాని తోబుట్టువు 'మూట్' ఇప్పటికీ ధైర్యమే. 991లో మాల్డన్ దగ్గర వైకింగులతో పోరాడి ఓడినవాళ్ళ మీద ఒక కావ్యం ఉంది. నాయకుడు పడిపోయాక ఒక ముసలి యోధుడు మిగిలినవాళ్ళతో అంటాడు: మన బలం తగ్గేకొద్దీ మన మోడ్ పెరగాలి అని.

రెండోది 'ఎల్లెన్'. ఇది పూర్తిగా చచ్చిపోయిన మాట. కానీ బేవుల్ఫ్ కావ్యం తెరవగానే మూడో పంక్తిలో ఉంటుంది: రాకుమారులు ఎల్లెన్ ఎలా 'చేశారో' విన్నాం అని. చేశారు అనే అంటాడు, గమనించండి. వాళ్ళ దగ్గర ధైర్యం ఉంది అనడు, ధైర్యం చేశారు అంటాడు. దానికి ఒకటే రాతప్రతి మిగిలింది, అదీ 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు కాలింది. ఇంకొంచెం కాలి ఉంటే ఆ పంక్తి మనకు లేదు.

బడిపంతులమ్మ రాశారు:

మనమూ 'ధైర్యం చేశాడు' అంటాం కదండీ! 'ధైర్యం చేసి అడిగేశాను' అని మా పిల్లలు రోజూ చెప్తుంటారు.

అనువాదమాధవి రాశారు:

పంతులమ్మ గారూ, మీ మాటతో నా ముడి విడిపోయింది. ఇన్నాళ్ళూ నేను ఒక పేరు కోసం వెతుకుతున్నాను. అసలు చాసర్ రాసింది పేరు కాదు, క్రియ. తెగించడం, చేయడం. లిడ్‌గేట్, అచ్చువేసినవాళ్ళు, స్పెన్సర్ కలిసి దాన్ని పేరు చేశారు. తెలుగులో నేను దాన్ని మళ్ళీ క్రియగా విప్పేస్తే సరిపోతుంది. నిన్న రాత్రి ఇలా రాశాను, చూడండి:

"వింతగా ఉందే! ఇంతలా తెగించి చేయగలవాళ్ళు ఈ నేల మీద ఇద్దరున్నారా?" అని ఐవాన్‌హో తనలో తాను గొణుక్కున్నాడు.

మాస్టారు చెప్పినట్టు ఆ పేజీ కింద అచ్చుతప్పు కథ నాలుగు వాక్యాల్లో పెడతాను.

పదవేటగాడు రాశారు:

తెగించి చేయడం. డుర్రింగ్ డాన్‌కు మాటకు మాట సరిపోయింది. ఆరు వందల ఏళ్ళ కిందటి వాక్యం తెలుగులో తిరిగి లేచి కూర్చుంది. నా వైపు నుంచి మార్పులేమీ లేవు.

లైబ్రరీ మాస్టారు రాశారు:

బాగుందమ్మా. 'ఇంతలా' బదులు 'ఇంతగా' అంటే ఐవాన్‌హో నోట్లో ఇంకా నప్పుతుందేమో చూడండి. ప్రూఫులు వచ్చాక నాకు పంపండి. ఆ పేజీ నేను దిద్దుతాను.